పండగ నూనె

పెనుకొండలో గుట్టవైపు ఎక్కే ఆ వీధిలో పరుపులు కుట్టే మహబూబ్‌బీ ఇల్లు ఎక్కడని ఎవర్నీ అడగనక్కరలేదు. ఏ ఇంటి ముందు వాలులో ఒక పాత డీజిల్ పికప్ బండి ముందు చక్రాలకు రెండు రాళ్ళు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంటుందో అదే ఆమె ఇల్లు. బండి బయటికి పోయిన పూట రాళ్ళైనా ఉంటాయి, వాటిని చూసి గుర్తుపట్టవచ్చు.

బండిని వాలులోనే నిలపడానికి కారణముంది. సెల్ఫ్ కొడితే అది రెండుసార్లు దగ్గి ఊరుకునేది. రాళ్ళు తీసేస్తే మాత్రం తనంతట తాను కిందికి దొర్లి, రెండో గేరులో క్లచ్ వదలగానే గుక్కపట్టిన పిల్లలాగా ఒక్కసారిగా గొంతు విప్పేది. అమీర్‌సాబ్ ఎక్కడికి పోయినా ముందు వాలు వెతుక్కునేవాడు. చుట్టాల ఊళ్ళలో ఏ వీధి ఎటు పల్లమో ఆయనకు తెలిసినంతగా ఆ ఊరివాళ్ళకు కూడా తెలియదు.

వాళ్ళు దూదేకులవాళ్ళు. అమీర్‌సాబ్ నాయన ఏకుడు విల్లు భుజాన వేసుకుని పల్లె పల్లె తిరిగి దూది ఏకినవాడు. అమీర్‌సాబ్ ఆ విల్లును సైకిలుకు కట్టుకుని తాడిమర్రి దాకా తొక్కాడు. మహబూబ్‌బీ కాపురానికి వచ్చిన రోజునుంచీ ఆ ఇంట్లో తీగ మోత వింటూనే బొంతలు కుట్టింది, పరుపులు కుట్టింది, ముగ్గురు పిల్లల్ని పెంచింది. దూది మిషన్లో ఏకించడం మొదలయ్యాక విల్లు అటక ఎక్కింది. పరుపులేమో సైకిలు మీద పోయేవి కావు. అందుకని 1998లో అమీర్‌సాబ్ పరిగిలో ఒక చింతపండు వ్యాపారి దగ్గర ఈ బండి కొనుక్కొచ్చాడు.

చింతపండు మోసి మోసి బండి వెనక తొట్టి అడుగంతా పులుపుకు తినేసి ఉంది. రేకులో బొటనవేలు దూరేటన్ని చిల్లులు. కిలోమీటర్ల మీటరులో ఉన్నవి అయిదంకెలే. అది తొంభైతొమ్మిది వేల పైకి పోయి మళ్ళీ సున్నా నుంచి మొదలెట్టడం రెండుమార్లు జరిగిందని అమ్మినాయన చెప్పాడట.

"రెండు మార్లో, ఇరవై మార్లో, ఆ మాటకు అల్లానే సాక్షి" అంది మహబూబ్‌బీ, బండిని మొదటిసారి చూసినప్పుడు. "ఇంత ముసిల్దాన్ని ఇంటికి తెచ్చినావే, దీన్ని నువ్వు మోస్తావా, అది నిన్ను మోస్తాదా?"

"ఇంజను మంచిదే మాబూ" అన్నాడాయన. ఆ తర్వాత అయిదేళ్ళపాటు ఆయన చెప్పిన సమాధానం ఎప్పుడూ అదే. డోరు ఊడి చేతికొచ్చినా ఇంజను మంచిదే, వానాకాలం చిల్లుల్లోంచి బురద ఎగిరి కొత్త పరుపుల మీద పడినా ఇంజను మంచిదే.

మహబూబ్‌బీకి ఒళ్ళు మండింది, మండదా మరి. పొద్దున్నే లేచి ఆయన తన ముఖం కడుక్కోకముందే రేడియేటరులో నీళ్ళు చూసేవాడు. శుక్రవారం తాను స్నానం చేయకముందే బండికి స్నానం చేయించేవాడు. నమాజుకు వేళ మించిపోతున్నా టైరును వేలితో నొక్కి చూసి గానీ కదిలేవాడు కాదు. ఆమె దానికి సవతి అని పేరు పెట్టింది. "సవతికి తలంటు అయ్యిందా? ఇంగ రా, టీ చల్లారిపోతాండాది" అని వీధి వినేటట్టు పిలిచేది.

ఆ సవతి 2003లో ఆమెకు తీరని అన్యాయం చేసింది. అమరాపురంలో ఆమె చెల్లెలి కూతురి నిఖా. పెట్టెలో అడుగున దాచిన ధర్మవరం పట్టుచీర తీసి కట్టుకుని, చెల్లెలికి తానే కుట్టిన పెద్ద పరుపు బండిలో వేసుకుని, పొద్దున్నే బయలుదేరింది. మడకశిర దాటిన ముక్కాలు గంటకు బండి నిలబడిపోయింది. డీజిల్ పైపులో గాలి పట్టిందని అమీర్‌సాబ్ బానెట్ ఎత్తి తల లోపల పెట్టాడు. ఆ తల మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. వచ్చేపోయే బస్సుల్లోంచి జనం పట్టుచీర కట్టుకుని రోడ్డు పక్క పరుపు మీద కూర్చున్న ఆమెను తల తిప్పి తిప్పి చూశారు. వాళ్ళు అమరాపురం చేరేటప్పటికి డేగిసాలు తోముతున్నారు. "అడుగంటిన అన్నం కొంచెం గీరినాను, తింటావా అక్కా" అంది చెల్లెలు.

ఆ అన్నం ఆమె తినింది, ఆకలి మరి. ఇంటికి వచ్చాక మాత్రం మొగుణ్ణి బండి దగ్గరికి పిలిచి స్టీరింగు మీద చెయ్యి పెట్టమంది.

"ఇంకొక్కసారి ఇది ఆగిపోయి నలుగురిలో మనల్ని నవ్వులపాలు జేస్తే అమ్మేస్తా అను."

అమీర్‌సాబ్ నేల చూస్తూ అన్నాడు. అని లోపలికి పోయి ఆ పూట అన్నం తినలేదు.

ఆయన మాట ఇచ్చాడంటే దానికి తిరుగులేదు. అంతకుముందు ఒకసారి శుక్రవారానికి పరుపు చేరుస్తానని తాడిమర్రిలో ఒకామెకు చెప్పాడు. గురువారం బండి చెడిపోయింది. శుక్రవారం పరుపును బస్సు టాపు మీద వేసుకుపోయి, దిగినచోటి నుంచి మూడు మైళ్ళు నెత్తిన మోసి దించి వచ్చాడు. అందుకే స్టీరింగు మీద పెట్టిన చెయ్యికి బరువుందని ఇద్దరికీ తెలుసు. ఇంకొక్కసారి ఆగితే బండి పోయినట్టే.

అప్పటినుంచి మహబూబ్‌బీ బండికి కాపలా మొదలుపెట్టింది. ఆయన ఏదో ఒక కట్టు కట్టి, చెడిపోయినదాన్ని దాచేస్తాడని ఆమె అనుమానం. హిందూపురంలో చెన్నప్ప షెడ్డుకు బండి పోయినప్పుడల్లా తానూ ఎక్కి పోయేది. చెన్నప్ప సన్నగా పొడుగ్గా ఉండే మెకానిక్కు. వైద్యుడు నాడి పట్టుకోకముందు ఏం తిన్నావు, ఏం తాగావు అని అడిగినట్టు, బానెట్ ఎత్తకముందే డీజిల్ ఎక్కడ పట్టించారు, నూనె ఎప్పుడు మార్చారు అని వరసగా అడిగేవాడు. మహబూబ్‌బీ ఒక స్టూలు వేసుకుని ఆ జవాబుల్లో అబద్ధాలు పట్టుకోవడానికి కూర్చునేది.

ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. మొదట పానా అందించింది. తర్వాత ఏ నట్టుకు ఏ పానా అని అడగకుండానే అందించింది. మూడో నెలలో చెన్నప్ప అట్టముక్క కత్తిరించి ఇంజనుకు ప్యాకింగు చేస్తుంటే చూడలేక, "ఇట్లియ్యి, నీ కత్తెరలో పదును లేదు, నీ చేతిలోనూ లేదు" అని లాక్కుని, పరుపులు కోసే తన కత్తెరతో గీత తప్పకుండా కత్తిరించి ఇచ్చింది. చెన్నప్ప దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "అక్కా, నువ్వు ఈడనే ఉండిపో, నేను పోయి పరుపులు కుట్టుకుంటా" అన్నాడు.

డబ్బాల్లో కొన్న డీజిలులో నలకా నీళ్ళూ ఉంటాయని తెలిశాక, పాత మల్లు గుడ్డ నాలుగు మడతలు వేసి వడగట్టకుండా ఒక్క చుక్క బండిలో పోయనివ్వలేదు. పైపులో గాలి పడితే ఎట్లా తీయాలో నేర్చుకుంది. ఫిల్టరు మీద చిన్న స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతూ ఉంటే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని డీజిల్. అప్పుడు బిగించాలి, అంతే. ఇంత చిన్న పనికా ఈయన అమరాపురం దోవలో పూటంతా తల లోపల పెట్టింది అని మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి కోపంలో కొంచెం గర్వం కూడా ఉంది.

అన్నిటికంటే ఆమె చెవి పనికొచ్చింది. ఏకుడు విల్లు మోతలో గింజ తగిలితే వేరే గదిలో ఉండి పసిగట్టిన చెవి అది. 2004 ఎండాకాలంలో హిందూపురం నుంచి వస్తుంటే, ఇంజను మోతలో ఏదో గుడ్డపీలిక కొట్టుకుంటున్నట్టు సన్నటి చప్పుడు ఆమెకు వినిపించింది.

"నిలుపు" అంది.

"ఏమీ లేదు మాబూ, ఇంజను మంచి..."

"నిలుపయ్యా."

నిలిపి చూస్తే ఫ్యాను బెల్టు ఒక పక్క చీలి నాలుగు దారాల మీద వేలాడుతోంది. ఇంకో మైలు పోతే తెగేది. సీటు కింద ఉన్న కొత్త బెల్టు పది నిమిషాల్లో ఎక్కించారు. పెనుకొండ చేరాక అమీర్‌సాబ్ బజారులో బండి ఆపి, ఆమెకు మసాలా బొరుగుల పొట్లం కొనిచ్చాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన పొగడ్త అంటే అదే. మహబూబ్‌బీ ఆ బొరుగులు తింటూ ఇంటిదాకా ఎడమ చెయ్యి బండి డోరు మీద ఆనించి కూర్చుంది. లోపల్నుంచి వచ్చే ఆ అదురు అరచేతికి హాయిగా ఉంది. ఇది పోతే ఇల్లు బోసిపోతుంది అని ఆమెకు మొదటిసారి అనిపించింది. ఆ రోజునుంచి సవతి అనడం మానేసింది.

సంతోషంగానే ఉన్నారు కదా, ఇక కష్టమెక్కడ అంటారా. ఆమె ప్రేమించడం మొదలుపెట్టింది కదా, కష్టం అక్కడే వచ్చింది.

ఆ బండిలో ఇంజనుకు గాలి పోయే దోవలో ఒక గుండ్రటి డబ్బా ఉండేది. డబ్బా అడుగున గిన్నెలో కొంచెం నూనె. బయటి గాలి ఆ నూనె మీదుగా పోయేటప్పుడు అందులోని మట్టి నూనెకు అంటుకుని కిందికి దిగిపోతుంది, ఇంజనుకు మంచి గాలి పోతుంది. మన దోవల్లో ఎర్రమట్టికి నెల తిరక్కుండా ఆ నూనె చింతపులుసు రంగుకు వచ్చేది. చెన్నప్ప ఆమెకు గిన్నె లోపల ఒక గీత చూపించి, నూనె అంతవరకే పోయాలన్నాడు.

"ఇంజను దీంట్లోంచే ఊపిరి పీలుస్తాది అక్కా. డీజిల్ ఇంజనుకు ఒక్కోసారి తిక్క లేస్తాది. యాడనుంచో నూనె దొరికితే డీజిల్ మాని అదే తాగి పరిగెత్తుతాది. తాళం తీసినా ఆగదు, స్టాపు వైరు లాగినా ఆగదు. ఇంజను ముక్కలయ్యేదాకా అరుస్తానే ఉంటాది. అప్పుడు ఒకటే మందు, ముక్కు మూయాల. వట్టి చెయ్యి మాత్రం పెట్టగూడదు, చర్మం పీక్కుంటాది."

ఆమె అంతా విన్నది. గీత మాటా విన్నది, ముక్కు మాటా విన్నది. అయితే ఆ రెండూ ఒకే కథలోవని ఆమెకు తట్టలేదు.

ఆ ఏడు దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ఊళ్ళో ప్రతి బండికీ పూజ జరుగుతుంది, ఎవరి బండి అని ఎవరూ చూడరు. అమీర్‌సాబ్ కూడా ఏటా బండికి పూలు చుట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాడు. మరుసటి రోజు ధర్మవరంలో అంకమ్మ అనే ఆమె ఇంటికి పెళ్ళి పరుపులు ఎనిమిది చేర్చాలి. అవన్నీ కుట్టి వసారాలో పేర్చి ఉన్నాయి. ఆయన పొద్దున్నే బూడిదగుమ్మడికాయ తేవడానికి బజారుకు పోయాడు.

ఆ సందులో మహబూబ్‌బీ బండికి తన వంతు పండగ చేయాలనుకుంది. నెల రోజులుగా దాచి దాచి కుట్టిన కొత్త బొంత తీసి సీటు మీద పరిచింది. ధర్మవరం పట్టు పీలికలతో కుట్టిన బొంత అది. తర్వాత బానెట్ ఎత్తి, నూనె గిన్నె విప్పి, మట్టి పట్టిన పాత నూనె పారబోసి, గుడ్డతో మెరిసేటట్టు తుడిచింది. కొత్త నూనె గీతదాకా పోసి ఆగింది.

ఇక్కడ ఆమె అవ్వ సంగతి చెప్పాలి. పండగనాడు ఇంట్లో ఏ పాత్రా వెలితిగా ఉండకూడదని అవ్వ పెట్టిన కట్టుబాటు. ఉప్పు జాడీ, నీళ్ళ కుండ, బియ్యం డబ్బా, దీపం బుడ్డి, అన్నీ అంచుదాకా నిండాలి. నింపిన చేతికి ఏడాదంతా లోటు రాదని అవ్వ నమ్మకం. మహబూబ్‌బీ ఆ కట్టుబాటు ఒక్క రంజానుకు గానీ బక్రీదుకు గానీ తప్పలేదు. ఇప్పుడు మెరిసే గిన్నెలో సగానికి కూడా రాని నూనె చూస్తే ఆమె ప్రాణం ఒప్పలేదు. గీత మామూలు రోజులకు అనుకుంది. పండగ పూట మన ఇంటి బండికి సగం గిన్నె పెడతామా అనుకుంది. అంచుదాకా పోసింది. పోసి, బిగించి, పైన ఒక గులాబీ కూడా పెట్టింది.

తొమ్మిది గంటలకు వీధి వీధంతా వచ్చింది. పక్కింటి కొండప్ప, మునియమ్మ ముందుగా వచ్చారు. వాళ్ళకు గొర్రెల మంద ఉంది, దొడ్డి సరిగ్గా వాలు కింద చదునులో ఉంటుంది. కర్పూరం వెలిగించారు, గుమ్మడికాయ కొట్టారు. అమీర్‌సాబ్ తెల్ల చొక్కా వేసుకుని కొత్త బొంత మీద కూర్చుని, దాన్ని చేత్తో నిమిరి, ఎవరు కుట్టారో తెలియనట్టు ముఖం పెట్టాడు. రాళ్ళు తీశారు. బండి నిమ్మకాయల మీదుగా దొర్లి, ఇంజను అందుకుని, కిందికి పోయి దొడ్డి ముందు నిలబడింది. ఇక ఆనవాయితీ ప్రకారం హారను కొడుతూ మూడుసార్లు ఇంజను పెద్దగా మోగించాలి.

మొదటిసారి మోగింది. రెండోసారి మోగింది, వెనక పైపులోంచి తెల్లటి పొగ వచ్చింది. మూడోసారి మోగి, మోగుతూనే ఉండిపోయింది.

అమీర్‌సాబ్ కాలు తీసేశాడు. మోత తగ్గలేదు, పెరిగింది. తాళం తీశాడు. స్టాపు వైరు లాగాడు, అది ఊడి చేతికొచ్చింది. ఇంజను అరుపు గుట్టకు తగిలి తిరిగొస్తోంది. పొగ వీధంతా కమ్మేసి ఎవరి ముఖం ఎవరికీ కనపడలేదు. ఆయన బ్రేకు మీద నిలబడి నాలుగో గేరు వేసి క్లచ్ వదిలాడు. లెక్క ప్రకారం బండి అప్పుడైనా ఉక్కిరిబిక్కిరై ఆగాలి. కానీ పండగ కాగానే మారుద్దామని చెన్నప్ప చెప్పిన అరిగిన క్లచ్ ప్లేటు జారిపోయి కాలిన కంపు కొట్టిందే గానీ ఇంజను లెక్కచేయలేదు. ఆయన గేరు తీసేసి హ్యాండ్‌బ్రేకు లాగాడు. గొర్రెలు దొడ్డి తడిక తోసుకుని బజారువైపు పోయాయి. కొండప్ప వాటి వెనక పోయాడు.

మునియమ్మకు మాత్రం సంగతి అర్థమైపోయింది. ఆమె వేపమండ విరిచి తెచ్చి, పొగలో బండికి ఎదురుగా నిలబడి చేతులు జోడించింది.

"ఎవరు తల్లీ నువ్వు? ఏం గావాల? నోరు దెరిచి చెప్పు, ఇస్తాము" అని అడిగింది. బండి ఇంకా గట్టిగా అరిచింది. "బలమైందే వచ్చిండాది" అని ఆమె వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది.

మహబూబ్‌బీ ఇంకా వాలు మీదే ఉంది. ఆ అరుపు చెవిన పడిన క్షణమే అది ఏం తాగి అరుస్తోందో ఆమెకు తెలిసిపోయింది. అంచుదాకా నిండిన గిన్నె కళ్ళ ముందు కనిపించింది. నా చేత్తో నేనే చంపుకుంటున్నానే అనుకుంది. ఆ వెంటనే చెన్నప్ప చెప్పిన రెండో మాట గుర్తొచ్చింది. ముక్కు మూయాల.

ఆమె పరిగెత్తింది. నలభై ఏళ్ళు దాటిన మనిషి అట్లా పరిగెత్తడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. మొగుణ్ణి రెక్క పట్టి కిందికి లాగింది, సీటు మీది కొత్త బొంత ఒక్క గుంజు గుంజింది, బానెట్ ఎత్తింది. రెక్కల నట్టు తిప్పి నూనె డబ్బాను పక్కకు పెరికేసింది. గులాబీ ఎటో ఎగిరిపోయింది. డబ్బా పోయిన చోట రబ్బరు గొట్టం నోరు తెరుచుకుని గాలి పీలుస్తోంది. బొంతను ఎనిమిది మడతలు వేసి ఆ నోటి మీద అదిమి, రెండు చేతులూ ఆనించి, ఒళ్ళంతా దానిమీద వాల్చేసింది.

ఇంజను బొంతను లోపలికి గుంజింది. ఆమె వదల్లేదు. "చాల్లే, చాల్లేమ్మా, ఆగు" అంటోంది. ఎవరికీ వినపడలేదు, బండికి తప్ప. అరుపు మూలుగైంది. బండి మొత్తం రెండుసార్లు కుదిలింది. ఆగిపోయింది.

ఎంత నిశ్శబ్దమంటే బజారులోంచి కొండప్ప గొర్రెలను పిలవడం వినిపించింది.

"పోయిందా అక్కా, దేవుడు?" అంది మునియమ్మ.

"పోయిందిలే" అంది మహబూబ్‌బీ. ఆ తర్వాత వీధంతా నవ్వడం మొదలుపెట్టింది. పొగకు నల్లబడిన ముఖాలు ఒకదాన్ని చూసి ఒకటి నవ్వాయి. అమీర్‌సాబ్ ఒక్కడే నవ్వలేదు. తెల్ల చొక్కా మసి చేసుకుని, ఊడిన వైరు చేతిలో పట్టుకుని, బండినే చూస్తూ ఉండిపోయాడు.

కబురందిన చెన్నప్ప తన షెడ్డులో పూజ ముగించుకుని, మధ్యాహ్నం బస్సుకు ప్రసాదం పొట్లంతో సహా దిగాడు. వచ్చీ రావడంతో డబ్బా వాసన చూశాడు. డీజిల్ చిమ్మే నాజిళ్ళు నాలుగూ విప్పి, ఇంజనును చేత్తో తిప్పించాడు. రంధ్రాల్లోంచి నూనె చిమ్మి ఆయన చొక్కా మీద పడింది. ప్రతి రంధ్రం మీదా వేలు పెట్టి, కళ్ళు మూసుకుని గాలి బలం చూశాడు. ఆ కాస్సేపు మహబూబ్‌బీ ఊపిరి తీసుకున్నట్టు లేదు.

"బతికింది" అన్నాడు చెన్నప్ప. "ఇంకో నిమిషం పోయింటే రాడ్డు ఇంజనును పగలగొట్టుకుని బయటికొచ్చేది. ఇంగ చెప్పండి, గీత దాటి నూనె పోసిందెవరు?"

మహబూబ్‌బీ నోరు తెరిచింది. అంతలో పక్కనుంచి మాట వచ్చింది.

"నేనే పోసినా" అన్నాడు అమీర్‌సాబ్. "పండగ కదా అని."

చెన్నప్ప తిట్టాడు, బాగా తిట్టాడు. ఆరేండ్ల నుంచి నడుపుతాండావే, గీత కనపడలేదా, కండ్లు యాడ పెట్టుకున్నావు, మాబక్కకు ఉన్న తెలివిలో కాలు భాగం నీకుంటే ఈ గతి పట్టునా అని తిట్టాడు. అమీర్‌సాబ్ తల వంచుకుని అన్నీ విన్నాడు. మహబూబ్‌బీ లోపలికి పోయి, పొద్దున నూనె పోసిన ఖాళీ డబ్బా కోసం చూసింది. ఆమె దాన్ని రోటి పక్కన వదిలింది. ఇప్పుడది అక్కడ లేదు. ఎవరో తీసి కట్టెల వెనక దాచారు.

ఆ రాత్రే చెన్నప్ప క్లచ్ ప్లేటూ స్టాపు వైరూ మార్చి ఇచ్చాడు. మరుసటి రోజు పొద్దున ఎనిమిది పరుపులు వేసుకుని బండి ధర్మవరం బయలుదేరింది. ఇంజను మోత శుభ్రంగా ఉంది. ఎంత శుభ్రంగా అంటే తలంటి పోసుకున్నట్టుందని ఆమెకు అనిపించింది గానీ పైకి అనలేదు. సీటు మీద అదే బొంత. నడిమధ్యన గొట్టం మూతి అంత నల్లటి గుండ్రం అచ్చు పడింది, రాత్రి సబ్బుతో రుద్దినా పోలేదు.

ఊరు దాటాక అమీర్‌సాబ్ రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా మాట్లాడాడు.

"పరిగి చింతపండు ఆయనకు కబురు పెడతా. ఆయన బండి మళ్ళా ఆయనే తీసుకుంటాడు."

"ఎందుకు?"

"మాటిచ్చినా గదా. నిన్న ఊరంతా నవ్వింది."

రెండు పక్కలా వేరుశెనగ చేలు, తడి మట్టి వాసన. బండి గుంతలు తప్పించుకుంటూ పోతోంది.

"ఆ నూనె పోసింది నువ్వు కాదు" అంది మహబూబ్‌బీ.

"తెలుసు."

"తెలిసీ తిట్లు తిన్నావా?"

"పండగ పూట నువ్వు తినేది యాడ బాగుంటాది? నాకైతే అలవాటే."

ఆమె కళ్ళు తడిశాయి. కొంగుతో తుడుచుకుని, ఎర్రమట్టి పడిందన్నట్టు కిటికీ అద్దం పైకెత్తింది. తర్వాత చెయ్యి చాచి, ఆయన చెయ్యి పక్కనే స్టీరింగు మీద తన చెయ్యి పెట్టింది.

"ఆ పొద్దు ఏమన్నావు? ఇది ఆగిపోతే అమ్మేస్తానన్నావు. అంతే గదా?"

"అంతే."

"మరి నిన్న అది ఆగిందా? నువ్వు ఎంత పీకినా ఆగలేదు గదయ్యా. నేను పోయి ఆపితే ఆగింది."

అమీర్‌సాబ్ ఆమెవైపు చూశాడు, మళ్ళీ రోడ్డువైపు చూశాడు. ఆయన భుజాలు కదలడం మొదలైంది. నిన్న నవ్వని నవ్వంతా ఇప్పుడు నవ్వాడు. నవ్వి నవ్వి, ధర్మవరంలో అంకమ్మ ఇంటి ముందు వాలు చూసుకోవడం కూడా మరిచిపోయి, బండిని చదునులోనే నిలిపేశాడు. పరుపులు దించాక పెళ్ళివారంతా కలిసి దాన్ని తోశారు.